నిప్పుల వాన కథను బయటపెట్టింది ఎవరు

ప్రాచీన చరిత్ర పాఠం చెప్పేవాళ్ళ ప్రాణం తీయడానికి ఒక రకం మనుషులు ఉంటారు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో, పొద్దున్నే క్యాంపస్‌లో నడకకు వచ్చే పెద్దమనుషుల్లో, పెళ్ళి భోజనాల బంతిలో, ఎక్కడైనా తగులుతారు. నేను చరిత్ర చెప్తానని తెలిసిన మరుక్షణం, సముద్రంలో మునిగిపోయిన ఖండం గురించి మీరేమంటారు మేడమ్ అని మొదలుపెడతారు. అన్ని దేశాల పురాణాల్లోనూ జలప్రళయం ఎందుకుందని వాళ్ళే అడిగి, వాళ్ళే జవాబు చెప్పుకుంటారు. మనకంటే ముందు ఒక మహా నాగరికత ఉండేదట, దాన్ని లోకం కంట పడకుండా దాచేశారట. దాచేసింది మీలాంటి వాళ్ళేనని కూడా నా ముఖం మీదే అంటారు. నేను ముప్పై ఏళ్ళుగా వీళ్ళతో పోట్లాడుతున్నాను. తార్నాకలో మా వీధి చివరిదాకా నాకు గయ్యాళి మేడమ్ అనే పేరుందని మావారు ఒకసారి నవ్వుతూ చెప్పారు. నాకు కోపం రాలేదు సరికదా, కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఒక మధ్యాహ్నం నేనూ ఆ రకం మనిషినైపోయాను. దానివల్ల ఒక రైతు ఇంటికి జరిగిన నష్టం ఇక పూడేది కాదు. ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒకతె ఉండేది. పత్తీ కందీ పండించే ఇంటి పిల్ల, ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదివింది ఆమె ఒక్కతే. వారాసిగూడలో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ నడిచే డిపార్ట్‌మెంటుకు వచ్చేది. ఆమె పరిశోధన రాకాసి గుళ్ళ మీద. తెలంగాణ పల్లెల్లో పొలాల మధ్య గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద బండలు కనిపిస్తాయి. వాటి నడుమ భూమిలో రాతి పలకలతో కట్టిన చిన్న గది ఉంటుంది. అవి ఇనుము కొత్తగా వాడకంలోకి వచ్చిన కాలపు సమాధులు. ఇంత బరువు మనుషులు ఎత్తలేరు కాబట్టి రాక్షసులు కట్టారని జనం అనుకున్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఈ అమ్మాయి వాళ్ళ పొలంలోనే అలాంటివి మూడున్నాయి. తరతరాలుగా నాగలి వాటి చుట్టూ తిరిగి పోయిందే తప్ప ఒక్క బండనూ కదిలించలేదు.

నా విద్యార్థులకు నేను మొట్టమొదట నేర్పేది ఫొటో తీయడం. బండ పక్కన కొలబద్ద పెట్టాలి. ఉత్తరం ఎటో చూపే బాణం పెట్టాలి. నల్ల పలక మీద ఊరి పేరు, పొలం సర్వే నంబరు, తేదీ సుద్దముక్కతో రాసి ఫొటోలో కనపడేలా ఉంచాలి. పలక లేకపోతే ఆ ఫొటో ఎక్కడిదో రేపు ఎవరూ చెప్పలేరు, చెప్పలేని ఫొటో చరిత్రకు పనికిరాదు. ఒక ఎండాకాలం ఆ అమ్మాయి పలక మరిచిపోయి ఫొటోలు తీసుకొస్తే, వాటిని కన్నెత్తి చూడకుండా మళ్ళీ బస్సెక్కించి ఊరికి పంపాను. మర్నాటికల్లా పలకతో సహా తీసుకొచ్చింది. వడదెబ్బ తగిలి రెండు రోజులు పడుకుందని తరువాత తెలిసింది.

ఒకరోజు ఆమె నేను అడగని అధ్యాయం ఒకటి రాసుకొచ్చింది. అందులో వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథ ఉంది. ఫోన్‌లో రికార్డు చేసి, ఒక్క మాట పోకుండా కాగితం మీద పెట్టింది. వాళ్ళ ఇంట్లో వాటిని రాకాసి గుళ్ళు అనరట, పొట్టోళ్ళ ఇండ్లు అంటారట. మనకన్నా ముందు ఈ నేల మీద మోచేతి ఎత్తు మనుషులుండేవాళ్ళు. కుందేళ్ళను కాడికి కట్టి దున్నుకునేవాళ్ళు. వాళ్ళకు రాని విద్య లేదు, ఎవరన్నా భయం లేదు. దేవుడికి కోపమొచ్చి నిప్పుల వాన కురిపిస్తానన్నాడు. వాళ్ళు నవ్వుకుని, రాతి ఇళ్ళు కట్టుకుని, లోపల దూరి, పైన బండ మూసుకున్నారు. ఏడు రోజులు వాన పడింది. బండలు కాగీ కాగీ, లోపలివాళ్ళు మంగలంలో పేలాల్లా వేగిపోయారు. వాన వెలిశాక మన పెద్దలు వచ్చి ఆ నేల దున్నారు. కాబట్టి పొలం మన పేర ఉన్నా అసలు వాళ్ళది. పొలానికి సద్ది తీసుకెళ్ళిన ఆడవాళ్ళు తాము తినే ముందు తొలి ముద్ద ఆ బండ మీద పెడతారు.

దాని కింద ఆమె ఇంకొంత రాసింది. దక్షిణాదిలో వేరే కొండల్లో, వేరే భాషల వాళ్ళు కూడా ఇలాంటి రాతి గదులను మరుగుజ్జులు కట్టారనే చెప్పుకుంటారని, ఆకాశం నుంచి నిప్పు కురిసి ఒక జాతి అంతా పోయిందనే కథలు ఎక్కడెక్కడి దేశాల్లోనో ఉన్నాయని. రాసి, నా బల్ల ముందు నిలబడి, బెరుకుగా అడిగింది.

“గిన్ని జాగలల్ల ఒక్క తీరు కథ ఎట్ల వచ్చింది మేడమ్?”

నేను ఆ ప్రశ్నను నా చిరకాల శత్రువుల ప్రశ్నగానే విన్నాను. ఇది యూట్యూబ్ వాళ్ళ పని, మన పని కాదన్నాను. మీ నాయనమ్మ ఏ హరికథలోనో విన్న ముక్కను ఈ బండలకు అంటించి ఉంటుందన్నాను. పరీక్షకులు ఇది చూస్తే నీతోపాటు నన్నూ చూసి నవ్వుతారన్నాను. ఎర్ర పెన్నుతో పేజీకి అడ్డంగా గీత కొట్టి, అలాంటి పేజీలన్నీ తీసేయమన్నాను. సరే మేడమ్ అని ఆ కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు. కనిపించేంతసేపు నేను చూడనూ లేదు.

కాని కథ నన్ను వదల్లేదు. కుందేళ్ళతో దున్నే మనుషులు నా తలకెక్కారు. పొద్దున్నే క్యాంపస్‌లో చెట్ల కింద నడుస్తుంటే ఆలోచన అటే పోయేది. ఇన్ని చోట్ల ఒకే కథ ఎందుకుంటుంది? మునిగిన ఖండమో, ఎవరో దాచిన నాగరికతో అక్కర్లేదు. ఖాళీ ఇల్లు చూసిన ఏ మనిషికైనా వచ్చే మొదటి ప్రశ్న, ఇందులో ఉన్నవాళ్ళు ఏమయ్యారని. రెండోది, మనకూ అదే అవుతుందా అని. ఆ రెండు ప్రశ్నలూ ఎక్కడైనా ఒకటే కాబట్టి జవాబులు కూడా అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇది నాకు బాగా నచ్చింది. ఆ అమ్మాయిని పిలిచి ఈ ముక్క చెప్పి, ఆ పేజీలు వెనక్కి తెమ్మని ఉంటే ఎంత బాగుండేది. నోరు రాలేదు. ఒకసారి గీత కొట్టాక నేను వెనక్కి తీసుకోనని డిపార్ట్‌మెంటులో నాకు పేరు మరి.

ఆ రోజుల్లోనే ఒక కుర్ర జర్నలిస్టు ఫోన్ చేశాడు. తార్నాకలో ఒక టిఫిన్ సెంటరు మీది అంతస్తులో గది తీసుకుని వీడియో చానల్ నడుపుతున్నాడు. అంతరించిన నాగరికతల మీద జనంలో పిచ్చి ముదిరిపోయింది, మీలాంటివాళ్ళే దాన్ని ఖండించాలి మేడమ్ అన్నాడు. ఖండించడం నాకు ఇష్టమైన పని. నేత చీర కట్టుకుని, నోట్సు పట్టుకుని వెళ్ళాను. అరగంట ఖండించాను. ఆధారమంటే ఏమిటో, మట్టి పొరల్ని ఎలా చదవాలో చెప్పాను. అతను మర్యాదగా తల ఊపుతూనే, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించాడు.

వెనక బెంచీల వాళ్ళు నిద్రపోతే నేను ఏనాడూ చలించలేదు. కాని ఆ ఆవలింత గుచ్చుకుంది. మరుసటి ఏడాది నా రిటైర్మెంటు. ఇన్నేళ్ళు చెప్పింది ఎవరైనా విన్నారా అని అప్పుడప్పుడే మనసు పీకడం మొదలైంది. నోట్సు మూసేసి, నేను సేకరించిన ఒక కథ చెప్తాను అన్నాను.

నేను సేకరించిన. ఆ మాట నా నోటితోనే అన్నాను.

అతను ముందుకు జరిగి కూర్చున్నాడు. నిప్పుల వాన చెప్పాను, కుందేళ్ళు చెప్పాను, లోకమంతా ఉన్న ఇలాంటి కథలు చెప్పాను. వింటున్నకొద్దీ అతని కళ్ళు పెద్దవయ్యాయి, నా గొంతు లేచింది. ఇదంతా ఏదో ఒక నిజమైన ప్రళయానికి జ్ఞాపకం కావచ్చేమో అన్నాను. లోహం తెలిసిన, మనకు పేరు తెలియని మనుషులు అన్నాను. ఆ రాళ్ళ కింద ఏముందో మనకింకా పూర్తిగా తెలియదు అన్నాను. ఏముందో నాకు తెలుసు. మట్టి కుండలు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, ఎముకలు. ఆ సంగతి చెబితే అతను మళ్ళీ ఆవలిస్తాడు.

చివర్లో ఫొటోలు ఏమైనా ఉన్నాయా మేడమ్ అని అడిగాడు. కుర్చీలోంచి లేవకుండానే, ఆ అమ్మాయి థీసిస్ కోసం నాకు పంపిన వాటిలో మూడు అతని ఫోన్‌కు పంపాను. ఆమెను అడగలేదు. పలక లేని ఫొటోను కన్నెత్తి చూడనిదాన్ని, పలక ఉన్న ఫొటోలను ఒక్కసారి చూసుకోలేదు.

వారంలో వీడియో వచ్చింది. రాళ్ళ కింద ఏముంది అని పెద్ద అక్షరాలు, పక్కన నా ముఖం, దాని పక్కన ఎవరో గీసిన బంగారు నాణేల బిందె. సిగ్గనిపించింది. అయినా ఎంతమంది చూశారో అని రోజుకు రెండు మూడుసార్లు తీసి చూసుకున్నాను. క్యాంపస్‌లో నన్ను చూసి పక్కకు తప్పుకునే పెద్దమనుషులు ఎదురొచ్చి నమస్కారం పెట్టారు. ఆ పదిరోజులూ నేను సంతోషంగా ఉన్నాను. ఇది రాయడం కష్టంగా ఉంది కాని అది నిజం.

వీడియోలో ఆ ఫొటోల్లో ఒకటి తెర నిండా వచ్చింది. ఊరి పేరు, సర్వే నంబరు, ఉత్తరం ఎటో చూపే బాణం. నిధుల కోసం తవ్వేవాళ్ళకు నేను ఇంటి గడప దాకా దారి రాసిచ్చాను.

ఒకరోజు తెల్లవారుజామున ఆ అమ్మాయి తండ్రి పొలానికి వెళ్ళేసరికి మూడు గుళ్ళూ లేవు. జేసీబీ తెచ్చి తవ్వారు. బండలు దొర్లిపోయి ఉన్నాయట, పైకప్పు పలకలు ముక్కలై ఉన్నాయట, చుట్టూ నిమ్మకాయలు, పసుపు కుంకుమ. మధ్యలో మూడు గుంతలు, కుండ పెంకులు. వాళ్ళకు ఏమీ దొరికి ఉండదని నాకు తెలుసు. ఊరికి తెలియదు. బంగారం దొరికింది, ఇంటివాళ్ళే తవ్వించుకుని నాటకమాడుతున్నారని మాట పుట్టింది. తండ్రిని పోలీస్ స్టేషన్‌కు పిలిచి గంటలకొద్దీ కూర్చోబెట్టారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

ఇదంతా ఆ అమ్మాయి నా గదిలో నిలబడి చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. చెప్పడం అయ్యాక, ఇదెలా జరిగిందంటావ్ అన్నాను. అప్పటికి నాకు అర్థమైపోయింది. అర్థమయ్యే అడిగాను.

“వీడియో నేను చూసిన మేడమ్. పలక మీద రాత నాదే,” అంది. “ఎవ్వరికీ చెప్పలే. మా నాయినకు గూడ చెప్పలే. మీ సంతకం లేకుంటె నా థీసిస్ కాదు గద,” అంది.

కోపంగా అనలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా అంది. తల కొట్టేసినట్టయింది. ఆమె నన్ను తిట్టలేని చోట నేను కూర్చున్నానని, ఇన్నేళ్ళూ కూర్చునే ఉన్నానని అప్పుడు తెలిసింది.

తరువాత నేను చేయగలిగినవన్నీ చేశాను. జర్నలిస్టును పిలిచి వీడియో తీయించాను. అప్పటికే ఎవరెవరో దాన్ని కోసి, అతికించి, తమ తమ చానళ్ళలో పెట్టుకున్నారు, అవి ఇప్పటికీ ఉన్నాయి. పై అధికారులకు ఉత్తరాలు రాశాను. పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి ఆ గుళ్ళలో బంగారం ఉండదని గంటసేపు పాఠం చెప్పాను. ఆ తరువాత తండ్రిని పిలవడం మానేశారు. కాని అక్కడికి కూడా నేను వెళ్ళింది ప్రొఫెసర్‌గానే. దారి చూపింది నేనేనని చెప్పలేదు. నాయనమ్మ కథను థీసిస్‌లో మళ్ళీ చేర్చమని ఆ అమ్మాయిని బతిమాలినట్టే అడిగాను. నాయనమ్మ వద్దన్నదని చెప్పింది. ఎందుకని అడిగితే జవాబు చెప్పలేదు.

ఆ జవాబు కొన్నాళ్ళకు వారాసిగూడలో దొరికింది. పెద్దామెకు నల్లకుంటలో శుక్లాల ఆపరేషన్ చేయించి, వారం పాటు తన గదిలో ఉంచుకుంటున్నానని ఆ అమ్మాయి సెలవు అడిగింది. మనిషి అన్నం సరిగ్గా తినడం లేదని, గుళ్ళు పోయినప్పటినుంచీ అంతేనని మాటల్లో చెప్పింది. రమ్మని మాత్రం అనలేదు. నేనే ఒక మధ్యాహ్నం బత్తాయిలు కొనుక్కుని వెళ్ళాను. ఉన్నదంతా చెప్పేసి, తిట్టించుకుని రావాలని నిశ్చయించుకున్నాను. తిట్టించుకుంటే ఆ రాత్రికైనా నిద్ర పడుతుందని ఆశ.

ఇరుకు మెట్లు ఎక్కి లోపలికి వెళ్తే, మంచం మీద నల్ల కళ్ళద్దాలతో చిన్న మనిషి కూర్చుని ఉంది. మనవరాలు మా మేడమ్ అని చెప్పగానే లేవబోయింది. నేను వద్దని పక్కనే కూర్చున్నాను. అన్నం ఎందుకు తినడం లేదమ్మా అని అడిగాను. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

“తప్పు నాదే బిడ్డా,” అంది. “గా ముచ్చట అత్త కోడలికి చెప్పాలె. బండ కాడ కూసొని, ముద్ద పెట్టి చెప్పాలె. నేను పిల్ల సదువని ఇంట్ల కూసొని ఫోన్ల చెప్పిన. ముచ్చట పొలం దాటినంక ఆ పొట్టోళ్ళెందుకుంటరు? పోయిన్రు.”

ఆమె ఇన్ని నెలలుగా నా తప్పును తన తప్పనుకుని మోస్తోంది. చెప్పకూడనిది చెప్పినందుకు అంతా పోగొట్టుకున్న మనుషుల కథలు ఎన్ని దేశాల్లో ఉన్నాయో నా బుర్ర ఆ నిమిషంలో కూడా లెక్కపెట్టబోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

“అమ్మా, మీ తప్పేమీ లేదు,” అన్నాను. “ఆ కథ బయట చెప్పింది నేను. ఫొటోలు ఇచ్చిందీ నేనే. వాటిని చూసే దొంగలు వచ్చారు.”

ఆమె మనవరాలి వైపు తిరిగింది. నవ్వుతోంది.

“మీ మేడమ్ మంచిదే. నా పాణం కుదుటపడాలని తన మీదేసుకుంటున్నది,” అంది.

కాదమ్మా, నిజంగా నేనేనని రెండోసారి చెప్పాను. ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి నా తల మీద ఆగింది. పెద్ద సదువులు సదివినోళ్ళు గట్ల చేస్తరా, ఊకో బిడ్డా అంది. నన్నే ఓదార్చింది.

నా సంచిలో ఫోన్ ఉంది. ఎవరో అతికించి పెట్టుకున్న ఆ వీడియో ఒక్క నిమిషంలో దొరుకుతుంది. ఆమె కళ్ళకు సరిగా కనపడకపోయినా చెవులకు వినపడుతుంది. నేను సేకరించిన ఒక కథ చెప్తాను అనే నా గొంతు వింటే ఆమెకు ఇక అనుమానం ఉండదు. ఆ అమ్మాయి స్టవ్ దగ్గర చాయ్ గిన్నె పట్టుకుని, నా చేతుల వైపే చూస్తోంది. ఆపరేషన్ అయిన మనిషి, ఇప్పుడు కలవరపెట్టకూడదు అని నాకు నేను చెప్పుకున్నాను. నా తల మీద ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మూడోసారి చెప్పలేదు. చాయ్ తాగి లేచాను.

ఆ అమ్మాయి మెట్ల దాకా వచ్చింది. చెప్పులు వేసుకుంటుంటే నెమ్మదిగా అంది.

“ఫోన్ తీసి వినిపిస్తరనుకున్న మేడమ్.”

నేను వీధిలోకి దిగిపోయాను.

థీసిస్ అయింది, సంతకం చేశాను. మొదటి పేజీలో అందరూ రాసినట్టే, గైడ్‌కు కృతజ్ఞతలు అని ముందు నా గురించే రాసింది. ఆమెకు పట్టా వచ్చింది. నేను రిటైరయ్యాను. పెద్దామె ఊళ్ళోనే ఉంది. మధ్యాహ్నం ఆ గుంతల దగ్గరికి పోయి, తప్పయింది, తిరిగి రాండ్రి అని దండం పెట్టుకుంటుందని, వద్దన్నా వినడం లేదని ఆ అమ్మాయి మొన్న ఫోన్‌లో చెప్పింది. వెళ్ళి చెప్పాలని రోజూ అనుకుంటాను. బస్సులో రెండున్నర గంటల దారి. వెళ్ళలేదు, ఇది రాశాను. ఆమెకు చదవడం రాదు. ఇంతా రాసే ధైర్యం నాకు వచ్చింది బహుశా అందుకే.